ఎమ్మారై చెప్పని శాతం

బస్తా వీపున ఉన్న హమాలీ పాదం చెక్క మీద ఇరుక్కుంటుంది, ఒళ్లు పక్కకు తిరిగిపోతుంది. మోకాలిలో ‘టప్‌’మంటుంది. రెండు మూడు గంటల్లో కుండలా వాస్తుంది. అంత త్వరగా వాచిందంటే లోపల చేరింది సాధారణంగా నెత్తురే. చాలాసార్లు తెగేది ఏసీఎల్: కింది ఎముక ముందుకు జారకుండా పట్టి ఉంచే లిగమెంట్.

ఆ రోజు ఆస్పత్రి చీటీలో ‘మోకాలి నొప్పి’ అని మాత్రమే ఉంటే, నష్టపరిహారం కేసులో ఇది పాత అరుగుదల అని బీమా వకీలు వాదిస్తాడు. ఏ పనిలో, కాలు ఎలా మెలిపడిందో రాయించుకోవాలి. తొలి వారాల ఎమ్మారైలో ఎముక లోపల కమిలిన జాడ కూడా దొరుకుతుంది. నెలలు గడిస్తే అది మాసిపోతుంది.

మోకాలు వదులైందో లేదో తేల్చడానికి యంత్రం అక్కర్లేదు. మోకాలిని 20–30 డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో కింది ఎముకను ముందుకు లాగుతారు. బాగున్న మోకాలు ఠక్కున ఆగుతుంది, తెగినది మెత్తగా సాగుతుంది. రెండో కాలితో పోల్చి తేడాను మిల్లీమీటర్లలో రాస్తారు: 5 దాటితే రెండో గ్రేడు, 10 దాటితే మూడోది. అయితే గాయం పచ్చిగా ఉన్నప్పుడు తొడ వెనక కండరాలు నొప్పికి బిగుసుకుని ఆ వదులును దాచేస్తాయి. రెండు వారాలకు మళ్లీ చూడాల్సిందే. తొలిరోజు ‘స్థిరంగానే ఉంది’ అన్న మాటతో క్లెయిము కొట్టేయడం వైద్యం కాదు.

ఇక పరిహారం లెక్కకు కావాల్సిన శాతం. చేతి బొటనవేలు పోతే 30 శాతమని 1923 నష్టపరిహార చట్టం షెడ్యూలులోనే ఉండేది. లిగమెంట్‌కు అలాంటి అంకె లేదు. సంపాదన శక్తి ఎంత తగ్గిందో డాక్టరు అంచనా వేయాలి. సదరం సర్టిఫికెట్‌లోని వైకల్య శాతం వేరు, ఇది వేరు. చాలా కేసులు ఇక్కడే దెబ్బతింటాయి. (ఈఎస్‌ఐ, అంటే ప్రభుత్వ కార్మిక బీమా, ఉన్నవారి దారి వేరు.)

లెక్కకు తీసుకునే నెల జీతం 15,000, వయసు 30 అనుకుందాం. జీతంలో 60 శాతం, అంటే 9,000ను ఆ వయసుకు చట్టం ఇచ్చిన గుణకం 207.98తో హెచ్చిస్తే 18,71,820. నష్టం 20 శాతమైతే 3,74,364 రూపాయలు. 1923 చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ పద్ధతి ఇదే.

ఎడమ చెయ్యి మోచేతికి పైన పోయిన వడ్రంగికి నష్టం 100 శాతమేనని సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది; ఒంటి చేత్తో ఆ పని సాగదు కదా. మోకాలి రిపోర్టులోనూ మిల్లీమీటర్ల పక్కనే ఇవి ఉండాలి: గొంతుక్కూర్చోగలడా, బరువుతో ఏటవాలు చెక్క దిగగలడా, దిగేటప్పుడు మోకాలు జారుతోందా.