రెండు స్టాండ్ల మధ్య రేకును ఎంత లాగాలి?

ఇద్దరు కలిసి పట్టుచీర మడతపెట్టేటప్పుడు చూడండి. చెరో కొస పట్టుకుని కాస్త బిగువుగా లాగి ఉంచితేనే మడత సాపుగా వస్తుంది. ఒకరు వదులు చేస్తే మధ్యలో జారి నేలను తాకుతుంది, ఒకరు గట్టిగా గుంజితే అవతలివాళ్ల చేతిలోంచి జారిపోతుంది. ఉక్కు రేకు తయారుచేసే రోలింగ్ మిల్లులో క్షణక్షణం చూసుకోవాల్సింది కూడా ఈ బిగువే, కాకపోతే అక్కడ రేకు ఎర్రగా కాలుతూ సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతుంటుంది.

ఒకప్పుడు పట్టకారులతో పట్టుకుని ఒక్కో రేకునూ రోల్స్ మధ్యకు తోసేవాళ్లు. 1920ల్లో అమెరికాలోని ఆష్‌లాండ్‌లో జాన్ టైటస్ మిల్లు పెట్టాక వెడల్పాటి రేకు ఆగకుండా స్టాండు తర్వాత స్టాండులోకి సాగడం మొదలైంది. స్టాండు అంటే రేకును నలిపే రోల్స్‌ను ఒకదానిపై ఒకటి బిగించిన చట్రం. ఇప్పటి హాట్ స్ట్రిప్ మిల్లు (ఉక్కును వేడిమీదే రేకుగా నలిపే మిల్లు) చివర్లో మామూలుగా ఆరో ఏడో స్టాండ్లు వరసగా ఉంటాయి. 30 మిల్లీమీటర్ల మందంతో లోపలికి వెళ్లిన ఉక్కు 2 మిల్లీమీటర్లై బయటికొస్తుందనుకోండి. వెడల్పు పెద్దగా పెరగదు కాబట్టి నలిగినదంతా పొడవులోకే పోతుంది. అంటే 15 రెట్లు పల్చబడితే వేగం కూడా 15 రెట్లు పెరగాలి: చివర సెకనుకు 10 మీటర్లు వస్తుంటే, మొదట్లో లోపలికి వెళ్లేది 67 సెంటీమీటర్లే. ఒకే రేకు ఒకేసారి అన్ని స్టాండ్లలోనూ ఉంటుంది కాబట్టి, ప్రతి స్టాండూ తర్వాతిది ఎంత తీసుకుంటే అంతే ఇవ్వాలి.

ఎక్కువిస్తే మధ్యలో రేకు పోగుపడి, మడతపడి, ఆ మడతలతోనే తర్వాతి రోల్స్‌లో ఇరుక్కుంటుంది. మిల్లులో దీన్ని కాబుల్ (cobble) అంటారు. తక్కువిస్తే ఇంకో బాధ. 900 డిగ్రీల పైన ఉన్న ఉక్కు మెత్తగా ఉంటుంది, లాగితే సాగి వెడల్పు తగ్గిపోతుంది, తగ్గిన వెడల్పు మళ్లీ రాదు.

ఈ మొత్తం ఏర్పాటులో నాకు బాగా నచ్చేది లూపర్. రెండు స్టాండ్ల మధ్య, రేకు కింద ఒక ఇనుప చెయ్యి, దాని చివర తిరిగే రోలర్. రేకు మొదలు తర్వాతి స్టాండుకు చిక్కగానే ఆ చెయ్యి లేచి రేకును కిందినుంచి ఎత్తి పట్టుకుంటుంది. అది ఎంత ఎత్తున ఉందో చూస్తే మధ్యలో ఎంత రేకు అదనంగా ఉందో తెలుస్తుంది, దాన్ని ఎత్తి ఉంచడానికి ఎంత బలం పడుతోందో చూస్తే టెన్షన్, అంటే రేకు బిగువు, తెలుస్తుంది. చెయ్యి పైకి పోతుంటే వెనక స్టాండు వేగం తగ్గించాలి, దిగుతుంటే పెంచాలి. వినడానికి సులువే కానీ ఎత్తు సరిచేయబోతే టెన్షన్ కదులుతుంది, టెన్షన్ పట్టుకుంటే ఎత్తు మారుతుంది, అందుకే రెండిటినీ కలిపి చూసే కంట్రోల్ కావాలి.

కోల్డ్ రోలింగ్‌లో, అంటే రేకును వేడి చేయకుండా నలిపేటప్పుడు, లోహం గట్టిగా ఉంటుంది కాబట్టి కావాలనే బాగా లాగుతారు. అటూ ఇటూ లాగి ఉంచిన లోహం తక్కువ ఒత్తిడికే నలుగుతుంది. మీటరు వెడల్పు, మిల్లీమీటరు మందం ఉన్న రేకును దాదాపు 10 టన్నుల బలంతో లాగుతున్నారనుకుందాం. స్టాండ్ల మధ్య దూరం 5 మీటర్లైతే, అంత బలానికీ అక్కడ రేకు సాగేది రెండున్నర మిల్లీమీటర్లే! సెకనుకు 10 మీటర్ల పరుగులో వేగం వెయ్యో వంతు తేడా వచ్చినా సెకనుకు సెంటీమీటరు, అంటే ఆ రెండున్నర మిల్లీమీటర్లు పావు సెకనులో వచ్చేస్తాయి. మరి రేకు ఎందుకు తెగడం లేదు? రోల్ కింద రేకు సరిగ్గా రోల్ వేగంతోనే పోదు, కొంచెం జారుతుంది. ముందునుంచి లాగుడు పెరిగితే వెనక స్టాండులోంచి కాస్త ఎక్కువ రేకు వస్తుంది, దాంతో బిగువు దానంతటదే కొంత సడలుతుంది. మిగిలిన తేడాను, రేకు ఏ రోలర్ మీదుగా వెళ్తుందో దాని కింద ఉన్న లోడ్ సెల్ (బలాన్ని కొలిచే పరికరం) చెప్తే మోటార్లు సరిచేస్తాయి.

అన్నిటికన్నా ఇబ్బందైన క్షణం రేకు తోక, అంటే చివరి కొస, వచ్చేటప్పుడు. తోక ఒక స్టాండును దాటగానే వెనకనుంచి పట్టి ఉంచేది ఏమీ ఉండదు, రేకు పక్కకు జరిగి, పక్కనుండే గైడుకు కొట్టుకుని, మడతపడి రోల్స్‌లోకి పోవచ్చు, రోల్ మీద దెబ్బ పడుతుంది, ఆ మచ్చ తర్వాత వచ్చే ప్రతి రేకు మీదా అచ్చవుతుంది. అందుకే తోక ఇంకా స్టాండులో ఉండగానే లూపర్‌ను మెల్లగా దించేస్తారు, ఆ మధ్యలో ఉన్న అదనపు రేకును ముందుగానే లాగేసుకుంటారు.