కొలైడర్‌లో డార్క్ మ్యాటర్ వేట: అపోహలు - వాస్తవాలు

అపోహ: డార్క్ మ్యాటర్ కణం డిటెక్టర్‌లో కనబడుతుంది.

కనబడదు. డార్క్ మ్యాటర్ అంటే కాంతిని వెలువరించని, గురుత్వాకర్షణ వల్లే ఉనికి తెలిసిన పదార్థం. అది కొలైడర్‌లో, అంటే కణాలను ఢీకొట్టే యంత్రంలో, పుట్టినా డిటెక్టర్ ఏ పొరలోనూ ఆనవాలు వదలకుండా దాటిపోతుంది. మనం వెతికేది ద్రవ్యవేగంలో లోటు కోసం. జెనీవా దగ్గరి ఎల్‌హెచ్‌సీ కొలైడర్ సొరంగం చుట్టుకొలత 27 కిలోమీటర్లు. అంటే దాని వ్యాసం ప్రకాశం బ్యారేజీ నుంచి దాదాపు మంగళగిరి దాకా. అందులో ప్రోటాన్లు ఎదురెదురుగా ఢీకొంటాయి. వాటి దారికి అడ్డంగా చూస్తే ఢీకి ముందు ద్రవ్యవేగం దాదాపు సున్నా, తర్వాతా సున్నాయే కావాలి. ఒక పక్కకు జెట్, అంటే ఒకే దిశలో పోయే కణాల గుంపు, దూసుకుపోయి, ఎదురుపక్క ఖాళీగా ఉంటే ఏదో తప్పించుకుందన్నమాట. దారి పొడవునా ఈ లెక్క పనికిరాదు. ఢీకొన్న క్వార్క్‌లు (ప్రోటాన్ లోపలి కణాలు) ప్రోటాన్ ద్రవ్యవేగంలో ఎంతెంత వాటా తెచ్చాయో తెలియదు, శకలాలు కొన్ని ప్రోటాన్లు తిరిగే గొట్టం వెంటే పోతాయి.

ఆ జెట్ లాంటిది ఏదో ఒకటి తప్పనిసరి. డార్క్ మ్యాటర్ జంట ఒక్కటే పుడితే డిటెక్టర్ నిశ్శబ్దంగా ఉంటుంది, ఏ ఘటనలను ఉంచాలో ఎంచే ట్రిగ్గర్ వ్యవస్థ దాన్ని భద్రపరచనే భద్రపరచదు. ప్రోటాన్ గుంపులు సెకనుకు 4 కోట్ల సార్లు ఎదురుపడతాయి. వాటిలో భద్రపరిచేది కొన్ని వేలే.

అపోహ: లోటు తేలితే డార్క్ మ్యాటర్ దొరికినట్టే.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే పొరపాటు ఇదే. గుంటూరు మిర్చి యార్డులో బస్తా తూకం తగ్గిందనగానే దొంగతనమని ఎవరూ అనరు. తేమ ఆరిందా, కాటా సరిగా ఉందా, గోతం చిరిగిందా అని చూస్తారు. ఇక్కడ తేమ స్థానంలో ఉన్నది న్యూట్రినో, డిటెక్టర్‌కు చిక్కని మరో కణం. ఢీలో పుట్టి వెంటనే విడిపోయే జెడ్ బోసాన్ కణాల్లో సుమారు 20 శాతం న్యూట్రినో జంటగా విడిపోతాయి. అప్పుడు అచ్చం మనం వెతికే లోటే వస్తుంది.

దాన్ని లెక్కగట్టే పద్ధతి చక్కగా ఉంటుంది. జెడ్ రెండు మ్యూయాన్లుగా (డిటెక్టర్‌కు కనబడే, ఎలక్ట్రాన్ లాంటి బరువైన కణాలు) విడిపోయిన ఘటనలు తీసుకుని, మ్యూయాన్లను లెక్కలోంచి తొలగిస్తే న్యూట్రినోల లోటు నమూనా చేతికొస్తుంది. మ్యూయాన్ల వాటా 3.4 శాతమే కాబట్టి సుమారు ఆరు రెట్లు చేయాలి. పెద్ద లోటుల దగ్గర ఈ ఘటనలు మరీ తక్కువ. అందుకే జెడ్ లాంటిదే అయిన డబ్ల్యూ బోసాన్, కాంతి కణమైన ఫోటాన్ ఘటనలనూ తోడు తెచ్చుకుంటారు.

ఇక కాటా తప్పులు. శక్తిని కొలిచే కెలోరీమీటర్‌లో ఒక భాగం పనిచేయకపోతే జెట్ శక్తి తక్కువగా నమోదై, లోటు ఆ జెట్ వైపే చూపిస్తుంది. అందుకే రెండు దిశలూ దగ్గరగా ఉన్న ఘటనలను తీసేస్తారు. అంతరిక్షం నుంచి వచ్చే మ్యూయాన్లు కూడా దొంగ జెట్లను పుట్టిస్తాయి. కణాల దారిని గుర్తించే లోపలి ట్రాకర్‌లో జాడలు లేకపోవడం, ఢీ జరిగిన సమయంతో కుదరకపోవడం వాటిని పట్టిస్తాయి.

అపోహ: ఇన్నేళ్లయినా ఏమీ దొరకలేదు, శ్రమంతా వృథా.

వృథా కాదు. ఇతర కణాలకు ద్రవ్యరాశినిచ్చే క్షేత్రానికి చెందిన హిగ్స్ కణం, డిటెక్టర్‌కు కనబడని కణాలుగా విడిపోవడం ప్రామాణిక నమూనా (ఇప్పటి కణ భౌతిక సిద్ధాంతం) ప్రకారం 0.1 శాతమే. ఎల్‌హెచ్‌సీలోని అట్లాస్ ప్రయోగం 2023లో ప్రచురించిన ఫలితం ఆ వాటా 10.7 శాతానికి మించదని తేల్చింది. దీంతో హిగ్స్ ద్రవ్యరాశిలో సగమైన 62.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల కన్నా తేలికగా ఉండి, హిగ్స్‌తో గట్టిగా ముడిపడిన డార్క్ మ్యాటర్ నమూనాలు ఎన్నో కొట్టుకుపోయాయి.

అపోహ: కొలైడర్ ఒక్కటే తేల్చేస్తుంది.

తేల్చలేదు. కణం డిటెక్టర్ దాటడానికి పదుల నానోసెకన్లు చాలు. డార్క్ మ్యాటర్ అయితే విశ్వం వయసంతా, అంటే 1380 కోట్ల ఏళ్లు, నిలవాలి. కొలైడర్‌లో లోటు తేలినా, అమెరికాలో భూగర్భంలో ఉన్న ఎల్‌జెడ్ లాంటి, డార్క్ మ్యాటర్ కణం తగిలితే పట్టే ద్రవ జెనాన్ డిటెక్టర్లలో దానికి సరిపోయే సంకేతం రావాలి. మరీ తేలికైన కణాలు జెనాన్ కేంద్రకాన్ని సంకేతం వచ్చేంతగా కదిలించలేవు. ఆ చోట కొలైడర్‌దే పైచేయి.