శాన్ ప్రజల్ని ఫొటో తీయడం: అపోహలు - వాస్తవాలు

శాన్లు ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలో, కలహారి ఎడారి చుట్టుపక్కల ఉండే ఆదివాసులు. వాళ్లను ఫొటో తీసేవాళ్లలో ఉన్న అపోహలివి.

అపోహ: తోలు బట్టలు, చేతిలో విల్లు ఉంటేనే అసలైన శాన్ ఫొటో.

నమీబియాలో గ్రాషోక్ దగ్గర జు'హోవాన్సి అనే శాన్ తెగ వాళ్లు సొంతంగా లివింగ్ మ్యూజియం, అంటే పాత జీవన విధానాన్ని చేసి చూపించే చోటు, నడుపుతున్నారు. అక్కడ తోలు బట్టలు కట్టుకునేది సందర్శకుల కోసం. అందులో మోసమేమీ లేదు. అది వాళ్ల సంపాదన, పిల్లలకు పాత విద్యలు అందే దారి కూడా. టికెట్టు కొని నిశ్చింతగా ఫొటోలు తీయండి. క్యాప్షన్‌లో మాత్రం 'సందర్శకులకు చేసి చూపుతున్న వేట' అని ఉన్నదున్నట్టు రాయండి. 'వేల ఏళ్లుగా మారని మనుషులు' అని రాస్తే, రేపు టీషర్టు, మొబైలు కనిపించగానే 'వీళ్లేం శాన్లు, వీళ్లకు భూమి మీద హక్కేంటి' అనేవాళ్లకు ఆ మాటే ఆయుధమవుతుంది. నీళ్లు మోస్తున్న ఆమె చేతిలోని ప్లాస్టిక్ డబ్బాను క్రాప్ చేయకండి. ఆ ఫొటోలో అసలు విషయం ఆ డబ్బాయే.

అపోహ: వాళ్లంతట వాళ్లే కలహారి వదిలి వచ్చేశారు.

బోట్స్వానాలో సెంట్రల్ కలహారి గేమ్ రిజర్వ్ 1961లో ఏర్పడింది. అక్కడ వేట మీద, దుంపలూ కాయల మీద బతికే వాళ్ల నేలను కాపాడటం కూడా అప్పటి ఉద్దేశాల్లో ఒకటి. అయినా 1997లో, మళ్లీ 2002లో గ్వీ, గానా అనే శాన్ తెగల కుటుంబాలను బయటి కాలనీలకు తరలించారు. రిజర్వ్‌లోని 'మొతొమెలో' అనే ఊరి నీళ్ల బోరును మూసేశారు. వాళ్ల ఒప్పుదల లేకుండా భూమి నుంచి తప్పించడం చట్టవిరుద్ధమని 2006 డిసెంబరులో హైకోర్టు తేల్చింది. ఆ బోరు వాడుకోవడానికి మాత్రం 2011లో అప్పీలు కోర్టు తీర్పు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. నల్లమల చెంచుల తరలింపు మాటలు వింటూ ఉన్నవాళ్లకు ఇదేమీ కొత్తగా అనిపించదు.

అపోహ: తల ఊపారంటే అనుమతి ఇచ్చినట్టే.

తల ఊపడం ఆ క్షణానికి మర్యాద, అంతే. కెమెరా సంచిలో ఉండగానే, వాళ్ల భాష తెలిసిన దుబాసీని పక్కన పెట్టుకుని మాట్లాడండి. ముందు ఊరి పెద్దలతో, తర్వాత ఒక్కొక్కరితో. వెబ్‌సైటు, ప్రదర్శన, పత్రిక, అమ్మకం: నాలుగింటికీ విడివిడిగా అడగాలి. ఎంత ఇస్తారో, ఎవరి చేతికి ఇస్తారో ముందే తేల్చుకోండి. డబ్బంతా గైడు చేతిలో పెడితే ఫొటోలో ఉన్న మనిషికి అందకపోవచ్చు, ఊళ్లో గొడవా అవుతుంది. పిల్లలకు మిఠాయిలు పంచితే తర్వాతి బండి వచ్చేసరికి బడి మాని రోడ్డు పక్కన నిలబడతారు. 'వద్దు, తీసేయండి' అని ఎప్పుడైనా చెప్పగలిగేలా మీ ఫోన్ నంబరు రాసిన కాగితం ఇచ్చి రండి. దక్షిణాఫ్రికా శాన్ ప్రతినిధులు 2017లో పరిశోధకుల కోసం ఒక నైతిక నియమావళి ప్రకటించారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, సరైన పద్ధతి. మన పనికీ అవే కొలతలు.

అపోహ: వేట ఫొటో వల్ల ఎవరికీ నష్టం లేదు.

నమీబియాలోని నైయే నైయే ప్రాంతంలో జు'హోవాన్సి వాళ్లకు విల్లంబులతో వేటాడే హక్కుంది. సరిహద్దు అవతల బోట్స్వానాలో అయితే అలాంటి ఫొటోయే అనుమతి లేని వేటకు సాక్ష్యమై ఒక మనిషిని అరెస్టు చేయించగలదు. ముఖం, చచ్చిన జంతువు, చోటు మూడూ ఒకే చిత్రంలో కలవనివ్వకండి. కెమెరాలోనూ ఫోన్‌లోనూ జీపీఎస్ ఆపేయండి. ఎగుమతి చేసేటప్పుడు లొకేషన్ వివరాలు తొలగాయో లేదో ఇంకోసారి చూడండి. మందుమొక్కలు దొరికే చోట్లకూ ఇదే జాగ్రత్త.

అపోహ: నల్లటి మేనికి ఫ్లాష్ తప్పదు.

తప్పు వెలుగుది కాదు, కెమెరాలో వెలుగును కొలిచే మీటరుది. వెనక తెల్లటి ఇసుక ఉంటే కెమెరా మోసపోయి ముఖాన్ని చీకటి చేస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫొటో వెలుగును పెంచి తగ్గించే సెట్టింగును) +0.7 నుంచి +1 దాకా పెంచండి. ముఖమే ఫ్రేము నిండితే ఉల్టా అవుతుంది, ఒంటి రంగు బూడిదలా తేలుతుంది. అక్కడ -0.3 నుంచి -0.7 దాకా తగ్గించండి. తర్వాత వెలుగు, రంగు సరిదిద్దుకునేందుకు వీలుండే రా (RAW) ఫైల్‌లోనే తీయండి. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత, మధ్యలో అయితే చెట్టునీడ. రాత్రి నిప్పు చుట్టూ జరిగేది రోగం నయం చేయడానికి ఆడే వైద్య నృత్యం, వినోదం కాదు. వైద్యులు సరే అంటేనే, ఫ్లాష్ లేకుండా తీయాలి: అపర్చర్ ఎఫ్ 1.8, షట్టర్ సెకనులో 125వ వంతు, ఐఎస్‌ఓ 3200 నుంచి 6400. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే నిప్పు ఎరుపు చచ్చిపోతుంది, 3000 కెల్విన్ దగ్గర పెట్టండి.

అపోహ: 'శాన్' అని రాస్తే చాలు.

అది కూడా బయటివాళ్లు పెట్టిన పేరే. నారో, ఖ్వే, గ్వీ... ఇలా ఏ తెగవాళ్లు తమకు ఏ పేరు చెప్పుకుంటారో అదే రాయండి.

అపోహ: ఫొటోలు తర్వాత పంపొచ్చు.

చాలా ఊళ్లకు పోస్టు చేరదు. బ్యాటరీతో నడిచే చిన్న ప్రింటరు వెంట తీసుకెళ్లి, ఒక్కొక్కరికి రెండేసి కాపీలు అక్కడే ఇవ్వండి. జూన్, జూలై రాత్రులు సున్నాకు దిగుతాయి, చలికి ఛార్జ్ పడిపోతుంది. బ్యాటరీలు దుప్పటిలో మీ ఒంటి పక్కనే పెట్టుకుని పడుకోండి.