గ్యాస్ బుడ్డికి చలెందుకు పుట్టింది?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. "మావయ్యా, బుడ్డి మీద ఐసు పట్టేసింది. పాడైపోయిందా? ఇంకోటి కొనమంటే నాన్న తిడతాడు" అన్నాడు.

వాళ్ల బళ్లో ప్రాజెక్టు కింద గ్యాస్ కార్లు చేస్తున్నారు. పెట్రోలు కారు కాదు, బ్యాటరీ కారు కాదు. బెండులా తేలికైన చెక్కను కారు ఆకారంలో చెక్కి, వెనక బెజ్జం చేసి, అందులో బొటనవేలంత ఉక్కు బుడ్డి దూరుస్తారు. సోడా తయారుచేసే సీసాలకు వాడే బుడ్డే అది. లోపల 8 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ ఉంటుంది. కారు దారి తప్పకుండా కింద రెండు కొక్కేలు బిగించి, వాటిలోంచి గాలం దారం లాగి కడతారు. బుడ్డి మూతిని సూదితో పొడిస్తే చాలు, కారు మాయం! ఎఫ్1 ఇన్ స్కూల్స్ పేరుతో బ్రిటన్‌లో మొదలై చాలా దేశాలకు పాకిన బడిపిల్లల కార్ల పోటీల్లో 20 మీటర్ల ట్రాక్‌ను మంచి కార్లు సెకను అటూఇటూగా దాటేస్తాయి. అంటే సగటున గంటకు 70 కిలోమీటర్ల పైమాటే. చక్రాలు, ఇరుసులు, రంగులు ఎలాగో ఇక్కడ రాయను. పర్లాకిమిడిలో కొమ్ముబొమ్మలు చేసేవాళ్ల ఆకురాయి పనితనం చూసిన పిల్లలకు చెక్క నున్నగా చెయ్యడం నేను నేర్పేదేముంది?

నాకు ఇష్టమైంది ఆ ఐసు.

టిఫిన్ హోటల్లో వంటగ్యాస్ సిలిండర్‌ను నీళ్ల తొట్టిలో నిలబెట్టడం మీరు చూసే ఉంటారు. సిలిండర్ వేడెక్కకుండా చల్లబరచడానికని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ నీళ్లు సిలిండర్‌కు వేడినిస్తున్నాయి. లోపల ఉన్నది ద్రవం. అది ఆవిరైతేనే పొయ్యికి గ్యాస్ వస్తుంది. ఆవిరి కావాలంటే వేడి కావాలి. నాలుగు పొయ్యిలు ఒకేసారి మండుతుంటే సిలిండర్ తన ఒంట్లో వేడినే తోడుకుని చల్లబడిపోతుంది, అడుగున మంచు పడుతుంది, మంట తగ్గుతుంది. అప్పుడు దోసెలు ఆగకుండా కాపాడేది ఆ తొట్టి నీళ్లే. మట్టి కుండలో నీళ్లు చల్లబడటంలోనూ కిటుకు ఇదే. బయటికి పోయే ఆవిరి, ఉండిపోయిన నీళ్ల దగ్గర వేడి ఎత్తుకుపోతుంది.

ఇక మావాడి బుడ్డి సంగతి. హోటల్ సిలిండర్ రోజుల తరబడి చేసే పనిని ఇది సెకనులో చెయ్యాలి. ద్రవ కార్బన్ డై ఆక్సైడ్ గ్రాము ఆవిరి కావడానికి సుమారు 200 జౌళ్ల (జౌలు అంటే వేడికి కొలత) వేడి కావాలనుకుందాం (0 డిగ్రీల దగ్గర కాస్త ఎక్కువ, 20 దగ్గర తక్కువ). 8 గ్రాములకు 1600 జౌళ్లు. ఉక్కు పెంకు బరువు 20 గ్రాములనుకుంటే, అది ఒక్కో డిగ్రీ చల్లబడినప్పుడల్లా ఇచ్చేది 9 జౌళ్లు. ఏకంగా 60 డిగ్రీలు చల్లబడినా 540. అంటే కావాల్సిన దాంట్లో మూడో వంతు! సెకనులో బయటి గాలి అందించేది దాదాపు సున్నా. మిగతాది ద్రవం తన ఒంట్లోంచే తీసుకోవాలి. చలి పుట్టకేం చేస్తుంది?

చలి పుడితే జోరు తగ్గుతుంది. బుడ్డి లోపలి పీడనాన్ని నిర్ణయించేది ఉష్ణోగ్రతే. 20 డిగ్రీల దగ్గర 57 బార్లు (బార్ అంటే పీడనానికి కొలత), అంటే లారీ టైరులో ఉండేదానికి ఏడింతలు. 0 డిగ్రీలకు దిగితే 35. 5 బార్ల దిగువకు పడిందా, లోపల మిగిలిన ద్రవం గడ్డకట్టి మంచుపొడి అయిపోతుంది. 1835లో ఫ్రాన్సులో తిలోరియే అనే ఆయన ఈ ద్రవాన్ని గాలిలోకి వదిలి, ఇలాంటి తెల్లటి పొడినే చూశాడు. ఇవాళ మనం డ్రై ఐస్ అనేది దాన్నే. మావాడి బుడ్డి పైన కనిపించింది మాత్రం డ్రై ఐస్ కాదు, గాలిలోని తేమ గడ్డకట్టింది. కాబట్టి బుడ్డి పాడవలేదు, పని పూర్తయింది. ఇంకోటి కొనక తప్పదు.

మరి తోపు ఎక్కడ తగులుతుంది? "గ్యాస్ వెనక ఉన్న గాలిని తంతుంది, అందుకే కారు ముందుకు పోతుంది" అని వాళ్ల సారు చెప్పారట. మా సారూ ఇదే చెప్పారు, తరతరాల ఆస్తి! కానీ అది తప్పు. గాలి లేని చోట ఈ కారు ఇంకా బాగా పోతుంది. మూతి మూసి ఉన్నప్పుడు గ్యాస్ ముందు గోడనూ వెనక గోడనూ సమానంగా నెడుతుంది. వెనక చిల్లు పడగానే అక్కడ నెట్టడానికి గోడ లేదు, ముందు గోడ మీద తోపు మిగిలిపోతుంది. చిల్లు ఒకటిన్నర మిల్లీమీటర్లయితే ఆ మిగులే సుమారు కిలో బరువంత. బుడ్డితో కలిపి కారు 90 గ్రాములు. తన బరువుకు పదకొండింతల తోపు!

అసలు తమాషా మొదటి రోజు పందెంలో జరిగింది. ఒక జట్టు బుడ్డిని వాళ్ల బామ్మ దేవుడి గూట్లో దీపం పక్కన పెట్టి, బొట్టు పెట్టి పంపింది. ఆ కారే గెలిచింది. మావాడి జట్టు బుడ్డి రాత్రంతా ఏసీ ఉన్న కంప్యూటర్ గదిలో ఉంది. కారు నీరసంగా పోయింది. దిష్టి తగిలిందని ఇంట్లో అందరూ తేల్చేశారు. నిమ్మకాయ, మిరపకాయలు కూడా వేలాడదీశారు. దిష్టికి బార్లలో కొలత లేదు గానీ ఏసీకి ఉంది. 20 డిగ్రీల బుడ్డిలో 57 బార్లయితే, 30 డిగ్రీల బుడ్డిలో 72. బామ్మ చేసిన పూజలో బొట్టు సంగతేమో గానీ, దీపం మాత్రం పనిచేసింది.

అలాగని ఎవరూ బుడ్డిని పొయ్యి దగ్గరా, వేడినీళ్లలోనూ పెట్టకండి. బామ్మ పని కూడా ప్రమాదమే. 31 డిగ్రీలు దాటితే ఈ పదార్థంలో ద్రవం, ఆవిరి అన్న తేడానే పోతుంది. 1869లో ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఆండ్రూస్ అనే శాస్త్రవేత్త కనిపెట్టింది ఇదే. నిండుగా ఉన్న బుడ్డిలో ఆపైన పీడనం చకచకా పెరుగుతుంది. 50 డిగ్రీలు దాటనివ్వొద్దని వీటి మీద ఊరికే రాయరు.

ఈ గ్యాస్‌ను మన పాత పుస్తకాలు బొగ్గుపులుసు వాయువు అన్నాయి. మావాడి ఒడియా పుస్తకంలో అంగారకామ్ల. అంగారకమంటే బొగ్గు, ఆమ్లమంటే పులుపు. ఇంట్లో మాటా బడిలో మాటా ఒకటేనని చెబితే వాడు నమ్మలేదు, పుస్తకం తెచ్చి చూసుకున్నాడు.

రెండో పందేనికి సారును ఒప్పించాం. అన్ని జట్ల బుడ్లూ ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, ఒకే బకెట్ మామూలు నీళ్లలో అరగంట ఉంచి, ఆ తర్వాతే పందెం. ఏప్రిల్‌లో అక్కడ పొద్దుటి బళ్లే కాబట్టి ఎండ ముదరకముందే అయిపోయింది. సాయంత్రం ఫోనొచ్చింది. మావాడిది మూడో స్థానం. కొక్కెం వంకరగా బిగించడంతో దారం రాసుకుందట.

"దానికేం లెక్క మావయ్యా?" అన్నాడు.

"స్క్రూడ్రైవర్ తెచ్చుకో" అన్నాను.