పెన్నలో గుంత పూడింది సరే, ఏరెంత దిగింది?

పెన్నేట్లో స్టాండు దించి, దాని మీద మట్టం, దూరం కొలిచే టోటల్ స్టేషన్ మిషన్ బిగించి, బుడగ మధ్యలోకి తెచ్చుకునేలోపే గట్టు మీద నుంచి ఎవరో ఒకరు దిగి వస్తారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఏం సార్, ఈడ రీచ్ వస్తాందా?" రీచ్ అంటే ఇసుక తవ్వుకోవడానికి హద్దులు వేసి ఇచ్చే చోటు. రాదంటే నమ్మరు. తెలియదంటే అసలు నమ్మరు. సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపులో నా ఫొటో, దాని కింద "మన ఏరు అమ్మేసినారు" అని. ఒకసారి మా హెల్పర్ ప్రిజం కర్ర పట్టుకుని మడుగు అంచున నిలబడితే, నిధి వెతికే మిషన్ తెచ్చారని పుకారు లేచింది. అందరికీ సర్దిచెప్పి పంపేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆ పూట కొలత పోయినట్టే.

కడప, అనంతపురం వైపు ఏటి మట్టం కొలిచి, ఇసుక ఎంత పోయింది, ఎంత వచ్చింది అని లెక్క కట్టివ్వడం నా పని. సర్వే జరిగినంత మాత్రాన రీచ్ రాదు. తవ్వకం ఆపించిన చోట కూడా సర్వే చేస్తాం. ఈ పుకారుకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. నేను కూర్చుని రాస్తున్నది ఇంకో మాట గురించి.

అపోహ: వానొస్తే ఇసుక మళ్లీ నిండుతుంది

ఈ మాట రైతు అంటాడు, ట్రాక్టర్ డ్రైవర్ అంటాడు, మీటింగుల్లో ముందు వరసలో కూర్చున్నవాళ్లూ అంటారు. మా పనిలో ఇంత నష్టం తెచ్చిన మాట ఇంకోటి లేదు. పైగా ఇది కళ్లారా చూసి అనే మాట. మే నెలలో ఏట్లో నిలువెత్తు గుంత ఉంటుంది. నీళ్లొచ్చి తగ్గాక డిసెంబర్‌లో పోయి చూస్తే గుంత జాడే ఉండదు, చాప పరిచినట్టు చదునుగా ఇసుక. ఇంకేం సాక్ష్యం కావాలి?

గుంత పూడిన మాట నిజమే. ఆ ఇసుక ఎక్కడిదో మాత్రం ఎవరూ అడగరు.

లెక్క వేసి చూద్దాం. వంద మీటర్ల పొడవు, యాభై మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు గుంత అనుకోండి. పది వేల క్యూబిక్ మీటర్లు. నీళ్లు వచ్చినప్పుడు గుంత ఎగువ అంచు దగ్గర వాలు నిటారు కాబట్టి అక్కడ వేగం పెరుగుతుంది. అంచు విరిగి గుంతలో పడుతుంది. విరిగిన చోట కొత్త అంచు, అదీ విరుగుతుంది. అలా కోత ఎగువకు పాకుతూనే పోతుంది. రెండు కిలోమీటర్ల పొడవు, వంద మీటర్ల వెడల్పు ఏటి మీద నుంచి ఆ పది వేలూ వచ్చాయనుకుంటే, ఏరు మొత్తం ఐదు సెంటీమీటర్లు దిగినట్టు. ఐదు సెంటీమీటర్లు ఏ కంటికి ఆనుతుంది? మనిషి పాదం ఇసుకలో అంతకంటే లోతు దిగబడుతుంది. గుంత కనబడింది, పూడింది కనబడింది, ఏరు దిగింది మాత్రం కనబడలేదు. అదే రెండు కిలోమీటర్లలో అలాంటి గుంతలు పది తవ్వి చూడండి, అర మీటరు.

ఇదంతా మొదటి నుంచీ నాకేదో తెలుసని కాదు. చేరిన కొత్తలో నేనూ రీచ్ హద్దు రాళ్ల మధ్యనే కొలిచాను. వానల ముందు, వానల తరువాత, రెండు మట్టాలూ దాదాపు సమానం. "పూర్తిగా పూడింది" అని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. మరుసటేడు అదే ఊరికి పోతే పంచాయతీ ఊటబావి దగ్గర పంపు ఆపరేటర్ పెద్దాయన నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. రీచ్‌కు ఎగువన, ముప్పావు కిలోమీటరు దూరంలో ఆ బావి. అడుగున్నర ఎత్తు సిమెంటు వరలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టింది. "కట్టినప్పుడు ఇసుక పైకి రెండు వరలు ఉండె నాయనా. ఇప్పుడు లెక్కబెట్టు." నాలుగు. పైన రెండు వరలు ఎండకు, వానకు నల్లబడి ఉన్నాయి. కింది రెండూ నిన్న పోసినట్టు తెల్లగా, వర అతుకుల్లో ఇంకా తడి ఇసుక పట్టుకుని. "మీ కాయితంలో నిండింది అని ఉందంట గదా?" అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి రీచ్‌కు ఎగువన, దిగువన కూడా క్రాస్ సెక్షన్లు, అంటే ఏటికి అడ్డంగా ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా మట్టాలు, తీయకుండా నేను సంతకం పెట్టను. అందుకు అదనంగా ఎవరూ డబ్బులివ్వరు, అది వేరే సంగతి.

ఈ భ్రమ మన ఒక్కరిదే అనుకోకండి. ఇంగ్లాండులో డెవన్ తీరాన హాల్‌సాండ్స్ అని ఒక చేపల ఊరు ఉండేది. 1897లో ప్లిమత్ నౌకాశ్రయం పనుల కోసం ఆ ఊరి ముందున్న సముద్రంలో గులకరాళ్లు తవ్వడం మొదలుపెట్టారు. సముద్రమే మళ్లీ తెచ్చి పోస్తుందని తవ్వినవాళ్ల ధీమా. సుమారు ఆరున్నర లక్షల టన్నులు తీశారు. ఊరి ముందు ఒడ్డు కుంగుతూ వచ్చింది. జనం గొడవ చేస్తే 1902లో ఆపారు. సముద్రం ఏమీ తెచ్చిపోయలేదు. 1917 జనవరి 26 రాత్రి తుఫాను అలలు ఊరి మీద పడితే మిగిలింది ఒక్క ఇల్లు. తవ్వకం ఆపిన పదిహేనేళ్లకు. తవ్వినవాడు వెళ్లిపోయాక ఎన్నేళ్లకు దెబ్బ తగిలిందో చూడండి.

మళ్లీ పెన్నకు వద్దాం. ఎగువ నుంచి కొత్త ఇసుక అసలు రాదా అంటే, వస్తుంది. కానీ దారిలో ఎన్ని గేట్లు ఉన్నాయో చూడండి. అనంతపురంలో మిడ్ పెన్నార్, మన దగ్గర గండికోట, మైలవరం. చిత్రావతి మీద పార్నపల్లె రిజర్వాయర్, పాపఘ్ని మీద వెలిగల్లు. నిలిచిన నీళ్లలో ముందు దిగేది బరువైన ఇసుకే. గేటు ఎత్తితే కిందికొచ్చేది మోత దించేసుకున్న నీళ్లు. మోసే సత్తువ మాత్రం అలాగే ఉంటుంది, అందుకని కింద ఏట్లో ఉన్న ఇసుకనే ఎత్తుకుని పోతాయి. తుంగభద్ర సంగతి కర్నూలు వాళ్లకు తెలుసు. హోస్పేట డ్యామ్ కట్టినప్పుడు 133 టీఎంసీలు, ఇప్పుడు 105 చిల్లర. తేడా అంతా ఏరు మోసుకొచ్చిన పూడికే. ఇంకోటి, పెన్న గోదావరి కాదు. ఏటా నిండుగా పారదు. మంచి వరద వచ్చిన ఒక్క సంవత్సరం లెక్క చూపించి, అదే ప్రతి ఏడూ వస్తుందని రాసుకోవడం ఎంత తప్పో చెప్పనక్కర్లేదు.

"మరి చెయ్యేట్లో అంత ఇసుక వచ్చింది కదా" అంటారు. పెన్నలో కలిసే ఆ చెయ్యేటి మీద కట్టిన అన్నమయ్య ప్రాజెక్టు 2021 నవంబర్ 19న తెగింది. పులపత్తూరు, మందపల్లి వైపు చూసినవాళ్లెవరూ ఆ మాట తేలిగ్గా అనలేరు. ఇసుక వచ్చింది, కానీ పొలాల మీదికి వచ్చింది. అరటి తోట ఉన్నచోట ఇసుక మేట. మనుషుల్ని పోగొట్టుకున్న ఊళ్లలో, మిగిలినవాళ్లు పొలంలో ఇసుక ఎత్తించుకోవడానికి డబ్బులు వెతుక్కున్నారు. వరద ఇసుకను తెస్తుంది, నిజమే, మనం తవ్విన గుంతలోనే కొలిచి పోయదు.

సర్వే అంటే ఏం చూస్తాం

2020లో కేంద్రం ఇచ్చిన ఇసుక మార్గదర్శకాల్లో ఏడాదికి నాలుగు సర్వేలు చెప్పారు: ఏప్రిల్‌లో ఒకటి, వర్షాకాలానికి తవ్వకం ఆపేటప్పుడు ఒకటి, వానలయ్యాక ఒకటి, మార్చి ఆఖరులో ఒకటి. మంచిదే. అయితే ఇవి ఒక్కో రీచ్‌కు ఒక్కోటి. పై రీచ్ సర్వే ఒకరు, కింది రీచ్ సర్వే ఇంకొకరు చేస్తారు. ఇద్దరి బెంచ్‌మార్కులూ, అంటే మట్టం కొలవడానికి ఆధారంగా పెట్టుకునే గుర్తులూ, వేరు. పై రీచ్ మీద నుంచి జారిన ఇసుక కింది రీచ్ రిపోర్టులో "కొత్తగా చేరింది" అని రాస్తారు. రెండు కాగితాలూ విడివిడిగా నిజమే. కలిపి చూస్తే ఒకే ఇసుకను రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

బ్రిటన్‌లో సముద్రం అడుగున ఇసుక, గులక తీసే చోట ఈ చిక్కును వేరేలా పట్టుకున్నారు. ఒక్కో లైసెన్సుకు విడిగా చూస్తే సరిపోదని థేమ్స్ నది సముద్రంలో కలిసే చోటు, హంబర్, దక్షిణ తీరం, ఇలా ప్రాంతం మొత్తానికి కలిపి ప్రభావం అంచనా వేశారు, నమూనాలు తీస్తున్నారు. తవ్వే ఓడ ఎప్పుడు ఎక్కడ తవ్విందో దాంట్లోని పెట్టె రాసుకుంటుంది, 1993 నుంచీ. ఇక్కడ ఇంకో విషయం. అక్కడ తీసే గులకలో చాలాభాగం మంచుయుగంలో, సముద్రం ఇంకా దూరంగా ఉన్నప్పుడు నదులు పోసి వెళ్లినది. మళ్లీ పోసేవాళ్లు లేరు. సముద్రంలో ఇసుకకు అంతే లేదు అనుకునేవాళ్లు గమనించాలి.

మనం ఓడల దాకా పోనక్కర్లేదు. తాడిపత్రి నుంచి సిద్దవటం దాకా ఒకే బెంచ్‌మార్కు వరస, ఏటా అవే చోట్ల క్రాస్ సెక్షన్లు, ఒడ్డు బావుల్లో నీటి మట్టం. ఇంతే అడిగేది.

నా బోరు ఎండింది, ఏట్లో ఇసుక తీశారు కాబట్టేనా?

ఇది అపోహ అని కొట్టిపారేయలేను, నిజమని ఒప్పుకోనూ లేను. అడిగేవాళ్ల ముఖాలు చూస్తే కూర్చోబెట్టి మాట్లాడాలనిపిస్తుంది. కూతురి పెళ్లి డబ్బులు బోర్లో పోసినవాళ్లు ఉంటారు అందులో.

ఏటి ఒడ్డున బావి, ఫిల్టర్ పాయింట్, ఊటకాలువ అయితే సంబంధం నేరుగా ఉంటుంది. ఇసుక అంటే నీళ్ల తొట్టి. పైన లెక్క వేసిన పది వేల క్యూబిక్ మీటర్ల ఇసుకలో, తోడుకోగలిగిన నీళ్లు ఐదో వంతు అనుకున్నా 20 లక్షల లీటర్లు. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున వెయ్యి మంది ఉన్న ఊరికి 36 రోజులు. ఏరు పారిన ప్రతిసారీ ఆ తొట్టి నిండేది. ఇప్పుడు తొట్టే లేదు. ఇసుక తీస్తే ఏరు లోతై నీళ్లు ఎక్కువ నిలుస్తాయనేవాళ్లు ఎండాకాలం వచ్చి చూడాలి. మడుగులో నీళ్లను ఎండ తాగేస్తుంది. ఇసుక కింది నీళ్ల జోలికి అంతగా పోలేదు కాబట్టే మన అవ్వలు మే నెలలో కూడా చెలమ తవ్వి బిందె నింపుకున్నారు.

అదే, ఏటికి మూడు కిలోమీటర్ల దూరాన బండలో వెయ్యి అడుగులు దింపిన బోరు అయితే కారణం చాలావరకు వేరే ఉంటుంది. చుట్టూ ఎన్ని బోర్లు పడ్డాయో చూడండి. ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది: ఏరు పారినప్పుడు మీ బావిలో మట్టం లేస్తుందా? తాడుకు రాయి కట్టి వారానికోసారి కొలిచి, తేదీతో పుస్తకంలో రాయండి. లేస్తే సంబంధం ఉంది. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు ఆ పుస్తకం ముందు ఎవరూ ఏమీ అనలేరు.

మిగతావి గబగబా

డ్యామ్ పూడిక అంతా ఇసుకే, తీసి అమ్ముకోవచ్చు అంటారు. ఇసుక రిజర్వాయర్ మొదట్లో, ఏరు వచ్చి కలిసే చోటే దిగిపోతుంది. గోడ దగ్గర ఉండేది ఒండ్రు.

రాయిని పిండి చేసి తయారుచేసే రాతి ఇసుకతో ఇల్లు గట్టిగా ఉండదు అంటారు. కాంక్రీటులో వాడే ఇసుక, కంకరకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 383 దాన్ని ఒప్పుకుంటోంది. దుమ్ము ఎక్కువున్న క్రషర్ పొడిని ఆ పేరుతో కొని తిట్టుకుంటే అది ఇసుక తప్పు కాదు.

సముద్రపు ఇసుక ఊరికే వస్తుంది, తెచ్చుకుందాం అంటారు. ఉప్పు కడగకుండా వాడితే లోపలి కమ్మీ తుప్పు పడుతుంది.

ఉచిత ఇసుక కాబట్టి ఎక్కడైనా తోలుకోవచ్చు అంటారు. బ్రిడ్జికి, ఆనకట్టకు 500 మీటర్ల లోపు తవ్వకూడదు, అది నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం నిబంధన. ధర లేదన్నంత మాత్రాన ఆ నిబంధన పోలేదు. ఇల్లు కట్టుకోను ఎద్దులబండి తోలుకున్న మనిషి మీద నాకు కోపం లేదు. రాత్రిపూట జేసీబీ దింపినవాళ్ల గుంతను నేను పగలు కొలుస్తుంటాను కాబట్టి చెప్తున్నా.

ఆ ఊటబావి దగ్గరికి ఏటా పోతూనే ఉన్నాను. పెద్దాయన రిటైరయ్యాడు. పంపు ఇప్పుడు ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. వరల మీద ఎర్ర పెయింటుతో ఏ సంవత్సరం ఇసుక ఎక్కడిదాకా ఉందో గీతలు గీసి ఉంటాయి, నాన్న మొదలుపెట్టిన గీతలు కొడుకు కొనసాగిస్తున్నాడు. ఈ ఏప్రిల్‌లో ఆరో వర అడుగు కనబడింది. ఫొటో తీసి, తేదీ వేసి రిపోర్టు మొదటి పేజీలో పెట్టాను.