ఎక్స్-రేకు దొరకని మెడనొప్పి

పంజగుట్ట సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మా బావ కారును వెనక నుంచి ఓ ఆటో గుద్దింది. బంపర్‌కు సొట్ట, కాసేపు వాదన, అంతే. మర్నాడు పొద్దున మెడ తిప్పబోతే తిరగలేదు. ఎక్స్-రే నార్మల్. "ఏం లేదన్నారుగా, ఇంకా ఏంటి?" అని ఇంట్లోనే మొదలైంది.

ఈ అనుమానం కార్ల కంటే పాతది. ఇంగ్లండ్‌లో రైలు ప్రమాదాల నుంచి బయటపడ్డవాళ్లు, ఒంటి మీద గాయం లేకపోయినా నెలల తరబడి నొప్పులతో బాధపడేవారు. దీనికి 'రైల్వే స్పైన్' అని పేరు పడింది. 1866లో లండన్ సర్జన్ జాన్ ఎరిక్ ఎరిక్సెన్ దీని మీద పుస్తకమే వేశాడు. వెన్నుకు తగిలిన కుదుపే కారణమన్నాడు. 1883లో హెర్బర్ట్ పేజ్ అనే సర్జన్ దాన్ని కొట్టిపారేస్తూ, చాలావరకు భయం వల్లేనన్నాడు. పేజ్ గారు పనిచేసింది రైల్వే కంపెనీకి, పరిహారం కట్టాల్సిందీ ఆ కంపెనీలే! సికింద్రాబాద్‌కు మొదటి రైలు వచ్చిన 1874 నాటికే ఇంగ్లండ్‌లో ఈ తగాదా నడుస్తోంది.

ఇలాంటి మెడ గాయానికి, కొరడా దెబ్బను గుర్తుచేసే 'విప్‌లాష్' అన్న మాట 1928లో అమెరికా డాక్టర్ హెరాల్డ్ క్రో వాడింది. వెనక నుంచి గుద్దినప్పుడు సీటు వీపును ముందుకు తోస్తుంది, తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. రెప్పపాటులో మెడ పాములా మెలితిరుగుతుంది. సాగేవి కండరాలు, ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు, చిన్న కీళ్లు. ఎక్స్-రే ప్రధానంగా చూపేది ఎముకల్ని. అమెరికాలో 1969 నుంచి కొత్త కార్ల ముందు సీట్లకు హెడ్‌రెస్ట్ తప్పనిసరి చేసింది మెడ ఇలా మెలితిరగకుండా ఉండేందుకే. దాని పైఅంచు కనీసం చెవుల పైభాగం దాకా రావాలి. బావ కారులో అది పూర్తిగా కిందికి దించి ఉంది.

వైద్యం కూడా మారింది. ఒకప్పుడు మెడకు కాలర్ కట్టి, కదలకుండా పడుకోమనేవారు. 1995లో కెనడాలోని క్యుబెక్ నిపుణుల బృందం పాత అధ్యయనాలన్నీ తిరగేసి, ఎముక విరగకపోతే వీలైనంత త్వరగా మామూలు కదలికలు మొదలుపెట్టమంది. చాలామందికి కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఏడాది దాటినా పోదు. చేతులు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

బావ మెడికల్ షాపులో కొన్న కాలర్‌ను ఫిజియోథెరపిస్ట్ మూడో రోజే తీయించాడు. గడ్డాన్ని మెల్లగా ఒక భుజం వైపు, తర్వాత రెండో వైపు తిప్పమన్నాడు. మొదట్లో సగం దాకా కూడా వెళ్లేది కాదు. ఆరో వారానికి వెనక్కి తిరిగి చూస్తూ కారు రివర్స్ చేశాడు.