రన్‌వే మీద రేకు ముక్కకు పూచీ ఎవరిది? మామునూరు కంటే ముందు నడిచిన కేసు

మామునూరు పాత కథ వరంగల్ వాళ్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు. నిజాం కాలం నాటి ఎయిర్‌పోర్టు, 1981తో ఆగిన సర్వీసులు, 2025 ఫిబ్రవరి 28న కేంద్రం ఇచ్చిన అనుమతి, అదనంగా కావాలన్న 253 ఎకరాలు, అన్నీ తెలిసినవే. ఎయిర్‌పోర్టు మాట వచ్చిన ప్రతిసారీ ఇక్కడ నష్టపరిహారం అంటే ఎకరం ధర అనే అర్థం. భూములు ఇవ్వాల్సిన నక్కలపల్లి, గాడిపల్లి, గుంటూరుపల్లి వాళ్లకు అది బతుకు సమస్య కాబట్టి తప్పు పట్టలేం. కానీ ఇంకో నష్టపరిహారం కూడా ఉంది. రేపు రన్‌వే మీద పడి ఉన్న ఏదో ఒక ముక్క వల్ల విమానానికి ప్రమాదం జరిగితే ఎవరు జవాబు చెప్పాలి? పనులు దగ్గరపడుతుంటే ఈ ప్రశ్న మళ్లీ లేస్తోంది. దీనికి జవాబు వెతికితే 2012లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ అప్పీలు కోర్టు దగ్గర తేలతాం.

2000 జులై 25న పారిస్ దగ్గర ఎయిర్ ఫ్రాన్స్ వాళ్ల కాంకార్డ్ విమానం కూలి 113 మంది చనిపోయారు. విమానంలో 109 మంది, కింద గొనెస్ అనే ఊళ్లో హోటల్లో ఉన్న నలుగురు. ఆ నలుగురిని గుర్తు పెట్టుకోండి, మళ్లీ వాళ్ల దగ్గరికి వస్తాను. కాంకార్డ్ కంటే సుమారు 5 నిమిషాల ముందు అదే రన్‌వే మీద నుంచి అమెరికాకు చెందిన కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ వాళ్ల డీసీ-10 విమానం ఎగిరింది. దాని ఇంజిన్ దగ్గర బిగించిన టైటానియం పట్టీ ఊడి రన్‌వే మీద పడింది. జానెడుకు రెండింతలు, అంటే 43 సెంటీమీటర్ల పొడవు. కాంకార్డ్ టైరు దాని మీదుగా వెళ్లి పగిలింది. నాలుగున్నర కిలోల రబ్బరు ముక్క రెక్క అడుగు భాగాన్ని కొట్టింది, ఇంధన ట్యాంకు బద్దలైంది, మంట లేచింది. ఆ పట్టీని అంతకు రెండు వారాల ముందే హ్యూస్టన్‌లో మార్చారు. తయారీదారు చెప్పిన పద్ధతిలో దాన్ని చేయలేదు, బిగించలేదు అని ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ 2002 నివేదికలో రాసింది.

కేసు విచారణకు రావడానికి పదేళ్లు పట్టింది. 2010 డిసెంబర్ 6న పాంట్వాజ్ కోర్టు కాంటినెంటల్‌ను దోషిగా తేల్చి 2 లక్షల యూరోల జరిమానా వేసింది. పట్టీ బిగించిన మెకానిక్‌కు 15 నెలల శిక్ష విధించి, అమలును నిలిపి ఉంచింది. ఎయిర్ ఫ్రాన్స్‌కు పది లక్షల యూరోలకు పైగా కట్టమంది. కాంకార్డ్ తయారీలో ఉన్న ఇంజినీర్లను, ఫ్రాన్స్ విమానయాన అధికారిని నిర్దోషులుగా వదిలేసింది.

రెండేళ్లు తిరక్కముందే, 2012 నవంబర్ 29న, వెర్సాయ్ అప్పీలు కోర్టు క్రిమినల్ శిక్షలన్నీ కొట్టేసింది. పని సరిగ్గా చేయలేదన్నది నిజమే కానీ, ఒక చిన్న పట్టీ ఇంత ఘోరానికి దారి తీస్తుందని ఆ మెకానిక్ ఊహించలేడు, కాబట్టి నేరం కాదు అంది. అదే తీర్పులో కాంటినెంటల్ సివిల్ బాధ్యత మాత్రం పోదని, ఎయిర్ ఫ్రాన్స్‌కు పరిహారం కట్టాల్సిందేనని చెప్పింది. జైలుకు ఎవరూ పోనక్కర్లేదు, డబ్బు మాత్రం కట్టాలి.

చాలామంది ఈ తీర్పును కాంటినెంటల్ గెలుపుగా చదివారు. నాకు మాత్రం ‘ఊహించలేడు’ అన్న ఒక్క మాటే ముఖ్యంగా కనిపిస్తుంది. నిర్లక్ష్యం కేసులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. 2000 జులైలో హ్యూస్టన్‌లో ఒక మెకానిక్‌కు ఆ మాట చెల్లింది. 113 మంది పోయాక, ప్రపంచమంతా ఆ రిపోర్టు చదివాక, ఇంకెవరికీ చెల్లకూడదు. రన్‌వే మీద రాయి, నట్టు, టైరు పీలిక, ఎవరో మరిచిపోయిన పానా ఏం చేయగలవో ఇవాళ ప్రతి ఎయిర్‌పోర్టుకూ తెలుసు. వాటన్నిటికీ కలిపి ఎఫ్‌ఓడీ అని పేరు పెట్టి పాఠాలే చెబుతున్నారు.

ఆ కేసులో ఇంకో విషయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ముద్దాయిల్లో విమానం కంపెనీ ఉంది, మెకానిక్ ఉన్నాడు, అతని పై ఉద్యోగి ఉన్నాడు, డిజైన్ చేసినవాళ్లు ఉన్నారు, ప్రభుత్వ అధికారి ఉన్నాడు. రన్‌వేను చూసుకోవాల్సిన పారిస్ ఎయిర్‌పోర్టు సంస్థ మాత్రం లేదు. ఆ రోజు మధ్యాహ్నం జరగాల్సిన తనిఖీ అగ్నిమాపక కసరత్తు వల్ల వెనకబడిందని దర్యాప్తు నివేదికలోనే ఉంది. ఎయిర్‌పోర్టు తరఫున చెప్పగలిగిన జవాబు ఒకటుంది: పట్టీ పడి 5 నిమిషాలే అయింది, తనిఖీ టైముకు జరిగినా అది దొరికేది కాదు. అది నిజమే. కానీ ఆ తర్వాత వాంకూవర్ ఎయిర్‌పోర్టు 2006లోనే రన్‌వే మీద ముక్కలను కనిపెట్టే రాడార్ పెట్టుకుంది. సింగపూర్ కెమెరాలతో ఆ పని చేస్తోంది. 5 నిమిషాల్లో కనిపెట్టలేం అన్న మాటకు అప్పుడున్న బలం ఇప్పుడు లేదు.

మన దేశానికి వస్తే, కాంకార్డ్ కంటే ఏడేళ్ల ముందే జరిగిన ఔరంగాబాద్ ప్రమాదం చూడాలి. 1993 ఏప్రిల్ 26న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం పైకి లేస్తూ, రన్‌వే చివరన బీడ్ రోడ్డు మీద వెళ్తున్న పత్తి బేళ్ల లారీని తాకింది. ఆ తర్వాత కరెంటు తీగలకు తగిలి కూలింది. 55 మంది చనిపోయారు. లారీ రన్‌వే మీది చెత్త కాదు నిజమే, కానీ ప్రశ్న ఒకటే: విమానం దారిని ఖాళీగా ఉంచాల్సింది ఎవరు? పైలట్లు ఆలస్యంగా, తప్పు పద్ధతిలో విమానాన్ని పైకి లేపారని విచారణ తేల్చింది. దాంతో ఆగలేదు. విమానాల సమయంలో ఆ రోడ్డు మీద రాకపోకలను అదుపు చేయకపోవడం అప్పటి నేషనల్ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వైఫల్యం అని కూడా రాసింది. ఆ అథారిటీయే 1995లో ఇంకో సంస్థతో కలిసి నేటి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అయింది. మామునూరు కట్టేది వాళ్లే. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు వచ్చే మన దగ్గర, ఖమ్మం రోడ్డు పక్కన ఎయిర్‌పోర్టు వస్తున్న మన దగ్గర, ఆ పేజీ చదవాల్సిన అవసరం మిగతా వాళ్లకంటే ఎక్కువ.

చట్టం సంగతి. ప్రయాణికుడి కుటుంబానికి దారి కొంత సులువే. 1972 నాటి క్యారేజ్ బై ఎయిర్ చట్టం, దాని కిందికి తెచ్చిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ముందు ఎయిర్‌లైనే కట్టాలి. అంతర్జాతీయ ప్రయాణాల్లో 1,51,880 ఎస్‌డీఆర్‌ల (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకు వాడే యూనిట్) దాకా తప్పు మాది కాదు అని వాదించే వీలే దానికి లేదు. ముక్క పడేసింది ఎవరు, చూడనిది ఎవరు అన్నది ఎయిర్‌లైన్ తర్వాత వాళ్లతో తేల్చుకుని డబ్బు రాబట్టుకోవచ్చు. దావా వేయడానికి గడువు మాత్రం రెండేళ్లే. ఇక నిర్లక్ష్యంతో ప్రాణాలు తీసిన నేరం మన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ కిందికి వస్తుంది. అక్కడికి వెళ్లినా మళ్లీ అదే ప్రశ్న, ముందే ఊహించగలరా అని.

ఇప్పుడు గొనెస్ హోటల్లోని ఆ నలుగురి విషయం. మాంట్రియల్ ఒప్పందం టికెట్ కొన్నవాడికీ ఎయిర్‌లైన్‌కీ మధ్య సంగతి. విమానం ఇంటి మీద పడితే ఆ ఇంటివాళ్లకు ఆ రక్షణ వర్తించదు. వాళ్లు మామూలు సివిల్ కోర్టుకు వెళ్లి, ఎవరి నిర్లక్ష్యమో సాక్ష్యాలతో నిరూపించుకోవాలి. సాక్ష్యం అంటే మొదట కావాల్సింది రన్‌వే తనిఖీ రిజిస్టరే. అది ఉండేది ఎయిర్‌పోర్టు చేతిలో. విమానం ఎక్కే స్తోమత లేని నక్కలపల్లి రైతు కూలీకి, పైనుంచి వెళ్లే ప్రయాణికుడి కంటే తక్కువ రక్షణ ఉందన్నమాట. ఇది అన్యాయం.

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పెద్ద రన్‌వేలను రోజుకు కనీసం రెండుసార్లు తనిఖీ చేయాలి. మామునూరు రన్‌వేను పొడిగించాలన్నదే ప్లాన్ కాబట్టి అది ఆ లెక్కలోకే వస్తుంది. రెండుసార్లు అనేది కనీసం మాత్రమే. సర్వీసులు మొదలయ్యాక కూడా పక్కన పనులు నడుస్తుంటే కంకర లారీలు, బైండింగ్ వైరు ముక్కలు, సిమెంటు సంచుల పీలికలు ఉంటాయి, ఆ రోజుల్లో రెండు చూపులు చాలవు. కాంట్రాక్టర్ మీదికి ఎయిర్‌పోర్టు, ఎయిర్‌పోర్టు మీదికి కాంట్రాక్టర్ నెట్టుకోకుండా ఎవరి వంతు ఏమిటో టెండర్ కాగితాల్లోనే రాసి ఉండాలి.

అధికారులు ఊళ్లోకి వచ్చినప్పుడు ఎకరం ధరతో పాటు మూడు మాటలు రాతపూర్వకంగా అడగాలి. పనులు జరిగే రోజుల్లో రన్‌వేను ఎన్నిసార్లు చూస్తారు? తనిఖీ రిజిస్టర్ నకలు ఊరివాళ్లు అడిగితే ఇస్తారా? నేల మీద ఉన్నవాళ్లకు నష్టం జరిగితే కట్టే బీమా ఎంత, ఎవరి పేరు మీద?